ట్రేసర్ సున్నా చూపితే కోర్‌లోని కణాలు సముద్రగర్భానివేనని నమ్మవచ్చా?

తరమణి విద్యార్థి:
మొన్న చెన్నైలో తెలుగు పరిశోధక మిత్రులం కలిసినప్పుడు ఈ వాదన తెగలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను. సముద్రగర్భాన్ని తొలిచేటప్పుడు గొట్టంలోకి పంపే సముద్రజలంలో మిల్లీలీటరుకు లక్షల సూక్ష్మజీవులు ఉంటాయి. బాగా లోతున ఉన్న అవక్షేపంలో ఒక్కోచోట ఘన సెంటీమీటరుకు పది కూడా ఉండవు. అందుకే కోర్‌లోకి (తొలిచి పైకి తీసిన స్తంభంలాంటి నమూనాలోకి) ఆ నీరు చేరిందేమో తెలుసుకోవడానికి, నీటిలో పెర్‌ఫ్లోరోకార్బన్ ట్రేసర్‌ను, అంటే జాడ తెలిపే రసాయనాన్ని కలిపి, కోర్ నడిమి భాగంలో దాని జాడను గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే రసాయన విశ్లేషణతో వెతుకుతారు. గ్రాము అవక్షేపంలో 0.01 మైక్రోలీటరు నీరు చేరినా తెలిసిపోతుంది. జాడ లేదంటే కోర్‌లో కనిపించిన సూక్ష్మజీవుల కణాలు అక్కడివేనని నా వాదన.

అడయార్ భూవిజ్ఞాని:
మీ అంకెలతోనే లెక్క వేద్దాం. మిల్లీలీటరుకు 5 లక్షల కణాలున్న నీటిలో 0.01 మైక్రోలీటరు అంటే 5 కణాలు. మీ నమూనాలో ఉన్నవే పదిలోపు అయితే, పరికరానికి చిక్కని ఆ కాస్త నీరే సగం కణాలను మోసుకొచ్చి ఉండవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి, పంపు ఆ పూట ట్రేసర్‌ను సరిగా అందించకపోయినా ఫలితం సున్నాగానే వస్తుంది. కోర్ అంచు నుంచీ నడుమ నుంచీ ఒకే మట్టాన తీసిన ముక్కలను పోల్చినప్పుడు, అంచున ట్రేసర్ ఉండి నడుమ లేకపోతేనే ఆ సున్నాకు విలువ ఉంటుంది.

పెరంబూరు పాఠకురాలు:
తరమణి గారూ, ట్రేసర్ కనిపించినా తొందరపడకూడదు. ఆ అణువు కణం పట్టని సందుల్లోకీ దూరుతుంది. త్వరగా ఆవిరయ్యే పదార్థం కనుక నమూనా తీసేవారి చేతి తొడుగుల నుంచి కూడా అంటుకోవచ్చు. అందుకే దానికి తోడుగా 0.5 మైక్రాన్ వ్యాసమున్న మెరిసే పూసలను వాడతారు. వాటిని ప్లాస్టిక్ సంచిలో నింపి కోర్ గొట్టం మొదట్లో అమరుస్తారు. కోర్ లోపలికి రాగానే సంచి చిరిగి పూసలు దాని చుట్టూ పరుచుకుంటాయి. నడిమి ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, పూస కనబడితే అంత పరిమాణమున్న కణమూ చేరి ఉండవచ్చని భావిస్తారు.

అడయార్ భూవిజ్ఞాని:
పూసలు సమంగా పరుచుకోవన్నది వాటి లోపం. పగుళ్లున్న శిలలో పరిస్థితి ఇంకా క్లిష్టం: పైపొరను కడిగి, మంటతో కాల్చి, చెక్కేసినా పగులు వెంట లోపలికి వెళ్లిన నీటిని అది తొలగించదు. ఇక డీఎన్‌ఏతో జాతులను గుర్తించే దగ్గరికి వస్తే ట్రేసర్లు ఒక్కటే చాలవు. ఎందుకంటే డీఎన్‌ఏ వెలికితీసే కిట్లలోని రసాయనాలే నేల బ్యాక్టీరియా జాడలను మోసుకొస్తాయి. చిక్యూ నౌక 2012లో జపాన్‌లోని షిమోకిటా తీరానికి ఆవల సముద్రగర్భం కింద 2466 మీటర్ల దాకా తొలిచినప్పుడు, బొగ్గుపొరల్లో అడవినేలల బ్యాక్టీరియాను పోలినవి కనిపించాయి. తొలిచే బురదలో (అక్కడ తొలిచేటప్పుడు గొట్టంలోకి పంపిన చిక్కటి ద్రవంలో) ఉన్న జాతులను ముందే లెక్కలోంచి తీసేశారు కాబట్టే ఆ ఫలితాన్ని నేను గౌరవిస్తాను.

తరమణి విద్యార్థి:
సున్నా ఒక్కటే చాలదని ఒప్పుకుంటాను. అయితే బురదలో కనిపించిన ప్రతి జాతినీ తీసేస్తే, తొలిచేటప్పుడు పొరల నుంచి బురదలోకి కలిసిన అసలు నివాసులు కూడా పోతారు కదా?

అడయార్ భూవిజ్ఞాని:
పోతారు. అందుకే బురద నమూనాను తొలచడం మొదలుపెట్టకముందు ఒకసారి, తర్వాత ప్రతి కోర్‌తోపాటు ఒకసారి తీసి ఉంచాలి. మొదటి నమూనాలోనే ఉన్నవాటిని నిస్సందేహంగా తీసేయవచ్చు; మధ్యలో వచ్చి చేరినవాటిని మాత్రం అనుమానితాలుగా విడిగా ప్రకటించాలి.