చెక్క మేడ మీద కట్టెల పొయ్యి: కింద ఏం వేయాలి?

లంకగాలి:
నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తాతల నాటి మండువా లోగిలి, దాని మీద ఒక మేడ గది, నేలంతా టేకు పలకలే. గ్యాసున్నా మా అమ్మకి చేపల పులుసు కట్టెల మీదే ఉడకాలి. వరదొస్తే పెరట్లో పొయ్యి మునిగిపోతుందని కిందటేడు ఒక ఇనప పొయ్యి కొని మేడ మీద పెట్టించాను, పొగగొట్టం బయటికి తీశాం. పొయ్యి కాళ్లు నాలుగంగుళాలు. కింద ఇంట్లో మిగిలిన టైల్స్ నాలుగు పరిచి ఊరుకున్నాం. మొన్న ఊడుస్తూ ఒక టైలు ఎత్తితే కింద పలక ముదురు బెల్లం రంగుకి తిరిగింది, గోటితో గీస్తే పొడి రాలుతోంది. అక్కడ నిప్పురవ్వ పడిందే లేదు, టైలు పగల్లేదు. మరి ఎలా మాడింది? ఇంకో వరస టైల్స్ వేస్తే సరిపోతుందా? టెన్షన్‌గా ఉంది.

తాపీపని:
ముందు ఆ పొయ్యి వెలిగించడం ఆపండి. టైలు రవ్వని ఆపుతుంది గానీ వేడిని ఆపదు, వేడి నెమ్మదిగా దిగి పలకలో కూర్చుంటుంది, పైన కప్పేశారు కాబట్టి బయటికి పోయే దారి లేదు. ఇంకో వరస వేసినా అంతే, కాస్త ఆలస్యంగా కాలుతుంది. మామూలుగా చెక్క అంటుకోవాలంటే 250 డిగ్రీల పైన వేడి కావాలి, కానీ నెలల తరబడి ఎండి, మాడి బొగ్గులా మారిన చెక్క అంతకంటే తక్కువ వేడికే రాజుకోవచ్చు. మీరు గీసి చూసిన పొడి అదే.
కావలసింది మధ్యలో గాలి. అమెరికాలో ఇలాంటి పొయ్యిలకి వాడే ఎన్‌ఎఫ్‌పీఏ (అక్కడి అగ్నిప్రమాద నివారణ సంస్థ) 211 ప్రమాణంలో మీలాగా రెండు నుంచి ఆరంగుళాల లోపు కాళ్లున్నవాటికి నాలుగంగుళాల హాలో బ్లాకులు పరిచి, వాటి బొక్కలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా, ఆ చివర నుంచి ఈ చివరికి గాలి ఆడేలా పెట్టి, పైన 24 గేజి మందం ఇనప రేకు వేయమంటారు. పొయ్యి చుట్టూ 18 అంగుళాలు బయటికి రావాలి. రెండంగుళాల కంటే పొట్టి కాళ్లుంటే చెక్క మీద పెట్టనే వద్దంటారు. సిమెంటుతో బొక్కలు మూసేస్తే మాత్రం పనంతా వృథా, మా మేస్త్రీలకి సందు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, దగ్గర నిలబడి చేయించుకోండి.

కాలవగట్టు:
మా తాతగారు కాలవల మీద సరుకు పడవ నడిపేవారండి. పడవ పలకల మీద చెక్క పెట్టె పెట్టి, అందులో జానెడు ఇసుక పోసి, దాని మీద మట్టి పొయ్యి. ఒక్క పూట కూడా పలక కాలలేదట. ఈ బ్లాకులూ రేకులూ ఎందుకు, ఇసుక పోసెయ్యండి.

తాపీపని:
పడవలో అన్నం వార్చి పొయ్యి ఆర్పేస్తారు బాబాయ్, పైగా గాలి అన్ని వైపులా తగులుతుంది. ఇక్కడ మూసిన గదిలో మూడు గంటలు మండుతోంది. ఇంకోటి, మన దగ్గర వానాకాలంలో ఇసుక తేమ లాగి పలకకి పట్టిస్తే చెద పడుతుంది. అప్పుడు కాలకుండానే పోతుంది నేల.

కొబ్బరిడొక్క:
మా బావమరిది పాత సిమెంటు రేకు ముక్క వేసుకోమంటున్నాడు, అది వాడొచ్చా?

తాపీపని:
వద్దు. పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోస్తే, విరిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా గట్టిగా వేడెక్కితే ఆ రేకు పేలి చిట్లుతుంది కూడా.

మేడమీద పిన్ని:
బూడిద సంగతి ఎవరూ అనలేదేంటి? పొద్దున్నే పొయ్యిలోది చేటలోకి తీసి మేడ మీదే ఓ మూల పెట్టాను, చల్లారిందనుకున్నా, లోపల కొబ్బరిచిప్ప బొగ్గు ఒకటి ఎర్రగా ఉంది. సాయంత్రానికి చేట అడుగు కాలి, కింద పలకకి అరచేతంత నల్లటి మచ్చ. ఇప్పుడు మూతున్న ఇనప బక్కెట్టు, అదీ గుమ్మం బయట సిమెంటు మీద. పొయ్యి ముందువైపు రేకు ఇంకాస్త ఎక్కువ వేయించుకో నాయనా, కట్టె సర్దేటప్పుడు నిప్పులు రాలేది అటే.

లంకగాలి:
అందరికీ థాంక్స్ అండి. లెక్కేస్తే ఒకటిన్నర అడుగుల పొయ్యికి చుట్టూ 18 అంగుళాలంటే నాలుగున్నర అడుగుల చదరం, ఇరవై మూడు బ్లాకులు పట్టాయి. ఒక్కోటి పది కిలోల పైమాటే కాబట్టి ముందు వడ్రంగిని పిలిచి కింది దూలాలు చూపించాను. ఒకదాని చివర పుచ్చింది, మార్పించి మాడిన పలకలు కూడా తీయించాను. నిన్న రెండు గంటలు మండించి, కింద గదిలో స్టూలెక్కి పలక అడుగున చెయ్యి పెట్టి చూశాను, గది గోడ ఎంత చల్లగా ఉందో అదీ అంతే. బ్లాకుల బొక్కల్లో ఎలక దూరకుండా వల బిగించాలేమో, అక్కడ ఆలోచిస్తున్నా.

తాపీపని:
బిగించండి, గాలి ఆడే వల అయితే ఫర్లేదు. ఇనపది, ప్లాస్టిక్‌ది కాదు.