జర్మనీ యూనివర్సిటీ సీ1 అడిగింది, నా ఐఈఎల్‌టీఎస్ 6.5 సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. గుంటూరులో బీటెక్ చివరి సంవత్సరం విద్యార్థినిని. జర్మనీలో ఎం.ఎస్.కి అప్లై చేస్తున్నాను. ఒక యూనివర్సిటీ ‘ఇంగ్లిష్ సీ1’ అని మాత్రమే రాసింది, స్కోరు ఎంత కావాలో లేదు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో నాకు లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6, మొత్తం 6.5 వచ్చాయి. కోచింగ్‌లో ఒక సార్ ఇది సీ1 అంటారు, ఇంకో సార్ బీ2 అంటారు. గడువు దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
చెల్లీ, ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు మెట్లు ఏ పరీక్షకూ చెందినవి కావు. 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ప్రచురించిన కొలమానం అది. ఫ్రెంచ్‌కైనా జర్మన్‌కైనా అదే వాడతారు. ఆ మెట్టు మీదున్న మనిషి భాషతో ఏం చేయగలడో చెబుతుంది, అంతే. ఉదాహరణకు సీ1 అంటే పొడవైన, కష్టమైన పాఠం చదివి, అందులో నేరుగా చెప్పని అర్థాన్ని కూడా పట్టుకోగలగాలి. ఐఈఎల్‌టీఎస్ బ్యాండ్లు, అంటే ఆ పరీక్ష స్కోర్లు, వేరే కొలత. ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెట్టి పోల్చారు కాబట్టి అంచుల దగ్గరే ఈ పేచీ వస్తుంది.

ఐఈఎల్‌టీఎస్ వాళ్ల పోలికలో 5.5 నుంచి 6.5 దాకా బీ2, 7 నుంచి 8 దాకా సీ1, ఆపైన సీ2. అంటే నువ్వు బీ2 చివరి గీత మీద ఉన్నావు. అయినా ఆశ వదలకు. ఏ స్కోరును సీ1గా ఒప్పుకోవాలో తేల్చేది యూనివర్సిటీయే, అందరి లెక్కా ఒకటి కాదు.

నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది నీ రైటింగ్ గురించి. నాలుగింటి సగటు 6.5 అయింది కానీ 5.5 అందులో దాక్కుంది. ఒక్కో విభాగానికీ కనీస స్కోరు అడిగేవాళ్లు చాలామంది. నేను అప్లై చేసినప్పుడు మొత్తం స్కోరే చూసుకుని ఒక సీటు పోగొట్టుకున్నాను. అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి రెండూ అడుగు: మొత్తం ఎంత కావాలి, ఒక్కో విభాగంలో ఎంత కావాలి.

జవాబు 2:
అక్క చెప్పింది నిజం. నేను యూకేలో నర్సుని. ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి మెట్టు పేరుతో పనిలేదు: రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో 7, రైటింగ్‌లో 6.5 ఉండాలి. మెట్టు పేరుతోనే సర్టిఫికెట్ కావాలంటే కేంబ్రిడ్జ్ సీ1 అడ్వాన్స్‌డ్ అనే పరీక్ష రాయవచ్చు. 180 వస్తే సీ1. 160 నుంచి 179 మధ్య వస్తే బీ2 సర్టిఫికెట్ ఇస్తారు. టోఫెల్ అనే ఇంకో ఇంగ్లిష్ పరీక్ష ఆలోచన ఉంటే పాత పట్టికలు నమ్మొద్దు, 2026 జనవరి నుంచి స్కోరు 1 నుంచి 6 వరకు ఇస్తున్నారు, అందులో 5 అంటే సీ1.

జవాబు 1:
ఇంకో మాట. కంప్యూటర్‌లో రాసి ఉంటే ఒక్క రైటింగే మళ్లీ రాసే వీలుంది. మొదటి పరీక్ష జరిగిన 60 రోజుల్లోపు, ఒక్కసారే. కానీ ఆ స్కోరును అందరూ ఒప్పుకోరు, అడిగాకే డబ్బు కట్టు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా. పరీక్ష రాసి 23 రోజులే అయింది. ఆ సంగతీ ఇవాళ్టి మెయిల్‌లోనే అడుగుతాను.