గోదారి బ్రిడ్జి ప్లేలిస్టులో గోదారి అన్న మాటే లేకపోతే అది మోసమా?

పక్క_బెర్త్:
నెలకి రెండుసార్లు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ నుంచి హైదరాబాద్ వెళ్తుంటా. రాజమండ్రి దాటగానే వచ్చే బ్రిడ్జి కోసం ప్రత్యేకంగా ఓ ప్లేలిస్టు చేసుకున్నా, పేరు "గోదారి బ్రిడ్జి", 11 పాటలు. ఒక్క పాటలో గోదారి లేదు, రైలు లేదు, ఆ మాటకొస్తే నీళ్లు కూడా లేవు. మా బావకి పంపితే "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

నా లెక్క ఇదీ. బండి బ్రిడ్జెక్కగానే శబ్దం మారిపోద్ది, ఎవరో ఒక తల్లి పిల్ల చేతిలో రూపాయి బిళ్ల పెట్టి ఊచల్లోంచి వేయిస్తది, అప్పటిదాకా ఫోన్లో అరుస్తున్న మనిషి కూడా కాసేపు కిటికీ వైపు తిరుగుతాడు. ఆ కాసేపటికి సరిపోయే పాటలు ఏరుకున్నా అంతే. థీమ్ అంటే మాటా, మూడా? మీరే చెప్పండి.

కొవ్వూరు_కబుర్లు:
మీ బావగారు కరెక్టే. నేను బ్రిడ్జికి ఇవతల ఒడ్డునే పుట్టా కాబట్టి ఇంకొంచెం గట్టిగా చెప్తా. మాట ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు, ఈ పాట ఇందులో ఎందుకుందని అడిగితే చెప్పడానికి జవాబుంటది. మూడ్ అంటే ఎవరి గోల వాళ్లది, రేపు నాకు బ్యాండ్ మేళం కూడా ప్రశాంతంగానే ఉంటది అంటే కాదనే దిక్కెవరు? 2006లో వచ్చిన ఉప్పొంగెలే గోదావరి లాంటి పాట ఉండగా దాన్ని పక్కన పెట్టి గోదారి బ్రిడ్జి అని బోర్డు కట్టడం ఏంటి అసలు.

చరణం_చాలు:
అయ్యా, సెర్చ్‌లో గోదారి అని కొట్టి వచ్చినవి వచ్చినట్టు వరసగా వినండి ఓసారి. 1983 ఆంధ్ర కేసరిలోని వేదంలా ఘోషించే గోదావరి, రాజమహేంద్రి వైభవం అంతా చెప్పే పాట, దాని వెనకాలే 2025 సంక్రాంతికి వస్తున్నాం సినిమాలో గోదారి గట్టు మీద రామచిలక, మొగుడూ పెళ్లాల సరసం. రెండూ నాకిష్టమే, కానీ పక్కపక్కన పెడితే ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకేసినట్టుంటది.

ఇంకోటి చెప్తా. ఆమని పాడవే పాట, 1989 గీతాంజలి. మాట చూస్తే వసంతం. అలా మాట చూసే మా అపార్ట్‌మెంట్‌లో ఉగాది రోజు స్పీకర్లో వేశారు, పచ్చడి గ్లాసులు చేతిలో పట్టుకుని అందరూ మొహమొహాలు చూసుకున్నాం. చావు ముంగిట ఉన్న కుర్రాడి పాట అది!

కొవ్వూరు_కబుర్లు:
సినిమా కథ తెలుసు కాబట్టి మీకు అలా అనిపించింది మేడమ్. కథ తెలియని వాళ్లకి అది ఆమని పాటే.

చరణం_చాలు:
మా మేనకోడలికి తొమ్మిదేళ్లు, ఆ సినిమా చూళ్లేదు. "ఈ పాట ఎందుకు ఏడుస్తోంది అత్తా" అని అడిగింది. ట్యూనే చెప్పేస్తది అండీ, మాటలు తర్వాత.

సైడ్_బి:
పిల్లలూ, మీరు ఏరుకోవడం గురించే కొట్టుకుంటున్నారు, నిడివి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మాకు అరవై నిమిషాల క్యాసెట్, సైడుకి ముప్పై. నోట్‌బుక్ కాగితం చింపి లిస్టు రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే ఆయన పెన్సిల్‌తో పాట పక్కన నిమిషాలు వేసుకుని, చివరిది కొట్టేసి, "ఇది రెండో చరణంలో తెగిపోద్ది, పొట్టి పాట చెప్పు" అనేవాడు. నేనేమో మొండిగా అదే కావాలన్నా. తెగిపోయింది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా సరిగ్గా ఆ అక్షరం దగ్గర నా చెవి ఆగిపోద్ది.

అసలు విషయానికొస్తే, 1997లో తెరిచిన ఆర్చ్ బ్రిడ్జి 2.7 కిలోమీటర్ల పైన ఉంటది. బండి గంటకి 50లో పోయిందనుకున్నా మూడుంపావు నిమిషాలు. మన సినిమా పాట నాలుగున్నర, ఐదు. పాట సగంలో ఉండగానే కొవ్వూరు వచ్చేస్తది. మరి 11 పాటలు దేనికి నాయనా?

పక్క_బెర్త్:
బాబాయ్ గారు పట్టేశారు. నేను వరసగా వినను. ఒక ట్రిప్పుకి ఒకటే పాట. రాజమండ్రి ప్లాట్‌ఫామ్ కదలగానే కాదు, ఊరి దీపాలు అయిపోయి కింద చీకటి మొదలవగానే నొక్కుతా. అందుకే మొదట్లో డప్పులు దంచే పాట ఒక్కటీ లేదు, డప్పు ఎలాగూ కింద పట్టాలు వాయిస్తాయి. సన్నగా ఫ్లూటో, ఒక్క గొంతో ఉంటే చాలు. ఉప్పొంగెలే పెట్టి చూశా, నిజం చెప్తున్నా. కళ్లెదురుగా గోదారి ఉంటే చెవిలో మళ్లీ గోదారి గోదారి అని చెప్తుంటే గైడు పక్కన కూర్చున్నట్టుంది.

కొవ్వూరు_కబుర్లు:
ఇది ముందే చెప్పొచ్చు కదా. అయినా అది ప్లేలిస్టు కాదు, 11 టికెట్లు. గైడు అన్న మాటకి మాత్రం మా ఊరి తరఫున అభ్యంతరం. లింకు పెట్టండి, శనివారం రాజమండ్రి నుంచి వస్తూ వింటా, నచ్చకపోతే పేరు మార్చాలి.

పక్క_బెర్త్:
పేరు మార్చను. లింకు పెడుతున్నా, షఫుల్ తీసేసి వినండి, మీకు ఆరోది.

సైడ్_బి:
ఆరోది ఎన్ని నిమిషాలు?