మంచినీళ్ల బాయి: బాగుచేసి వాడాలా, పూడ్చేయాలా?

ఒరలబాయి:
నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పాత మంచినీళ్ల బాయిల మీద ఎండాకాలమొస్తే ఇదే పంచాయితీ. మిషన్ భగీరథ నల్లా వస్తుంది, ఆర్వో ప్లాంటు ఉంది, ఇంకా బాయెందుకు, పూడ్చేద్దామని సగం మంది అంటరు. పూడ్చొద్దని నా వాదన. పైపు పగిలినా, మోటరు కాలినా జనం ఉరికేది బోరింగు దగ్గరికే. ఈ గ్రానైటు నేలల్లో లోతు బోరు నీళ్లు ఏండ్ల తరబడి రాతిలో నానుతయి. కాల్షియం తగ్గి సోడా గుణం పెరిగిన నీళ్లలోకి, పళ్లను, ఎముకలను ఖరాబు చేసే ఫ్లోరైడు రాతిలోంచి సులువుగా దిగుతది. వానకు ఊరే పైపొర నీళ్లలో సాధారణంగా తక్కువే ఉంటది.

క్లోరిన్‌చుక్క:
‘సాధారణంగా’ అన్న మాట మీద ఊరికి నీళ్లు తాగించలేం అన్నా. ఫ్లోరైడు లీటరుకు 1 మి.గ్రా. వరకు మేలు, వేరే దిక్కు లేకపోతే 1.5. పైపొర బావుల్లోనూ దీన్ని దాటేవి ఉన్నాయి. నా భయం మాత్రం ఫ్లోరైడు కాదు, మలమూత్రాలు, ఎరువుల నుంచి నీళ్లలోకి దిగే నైట్రేటు. 45 మి.గ్రా. హద్దు, దాని మీద సడలింపే లేదు. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సెప్టిక్ ట్యాంకు పేరుతో ఇంటింటా అడుగు లేని ఒరల గుంతలు దించారు. బావికి 15 మీటర్ల దూరం ఉండాలన్న లెక్క మట్టి నేలకు సరే. పగుళ్ల రాతిలో అంత దూరం ఏ మూలకూ చాలదు. ఊరి నడుమ బావి అయితే నా ఓటు పూడ్చడానికే.

పూడికతట్ట:
ఓట్లు తర్వాత, ముందు సీసాలు పట్టండి. ఏప్రిల్-మేలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. ఫ్లోరైడుకు ప్లాస్టిక్ సీసా వాడాలి, ఫ్లోరైడు గాజును పట్టుకుంటుంది. క్రిముల పరీక్షకు ల్యాబ్ ఇచ్చే శుద్ధి చేసిన సీసానే, ఐసులో పెట్టి అదే రోజు చేర్చాలి. నైట్రేటు రెండు సార్లూ హద్దు దాటితే ఆ బావిని తాగునీటి లెక్కలోంచి తీసేయండి. దాటకపోతే కింది పని చేయొచ్చు.

పూడిక తీసేటప్పుడు డీజిల్ ఇంజన్ బావిలోకి దించొద్దు. దాని పొగ బావిలోనే నిలిచి మనుషుల్ని చంపుతుంది. ఇంజన్ గట్టు మీదే ఉండాలి, కుదరకపోతే కరెంటు మోటరు. చాన్నాళ్లు వాడని బావిలో గాలి ఆడదు. మనిషి దిగేముందు దీపం దించి చూడాలి, ఆరిపోతే దిగొద్దు. ఆరకపోయినా నడుముకు తాడు, పైన ఇద్దరు తప్పనిసరి.

పాత రాతికట్టుకు సందులుంటాయి, వాననీళ్లు మురికితో సహా నేరుగా దిగేది అక్కడినుంచే. పై 20 అడుగుల్లోని సందులు సిమెంటుతో పూడ్చాలి. కింది సందులు ముట్టుకోవద్దు, ఊట వచ్చేది అటునుంచే. చుట్టూ మీటరు వెడల్పు గచ్చు బయటికి వాలుగా పోసి, కాలువ కట్టి నీళ్లు దూరంగా పంపాలి. చాలాచోట్ల గచ్చు, గోడ కలిసే చోట పగులు వస్తుంది, ఆ పగులు దగ్గరే బట్టలుతుకుతారు. గోడకు రంగు వేసి ఫొటో దిగితే బావి బాగైనట్టు కాదు.

ఒరలబాయి:
బ్లీచింగు సంగతి కూడా చెప్పు అన్నా. గుప్పెళ్లతో చల్లిపోతున్నరు.

పూడికతట్ట:
గుండ్రటి బావి వ్యాసం 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అనుకోండి. 3 × 3 × 4 × 0.785 = సుమారు 28 ఘనపు మీటర్లు, అంటే 28,000 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల పొడి, మొత్తం 70 గ్రాములు. పూడిక తీశాక మొదటిసారి మాత్రం లీటరుకు 50 మి.గ్రా. క్లోరిన్ పడాలి. 25 శాతం బలమున్న పొడి అయితే 5.6 కిలోలు వేసి, రాత్రంతా ఉంచి, ఆ నీళ్లన్నీ తోడిపోయాలి.

పొడి నేరుగా చల్లొద్దు. బకెట్‌లో కలిపి పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట వేరే బకెట్‌లోకి వంపి, దాన్ని బావిలో దించి నీళ్లు కలిసేలా ఆడించాలి. అడుగున మిగిలే సున్నం బావిలో పడితే నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. గంట తర్వాత కొంచెం నీళ్లు పట్టి, క్లోరిన్ ఉందో లేదో చూపే ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావకం వేస్తే పసుపు రంగు రావాలి. రాలేదంటే చాలాసార్లు బస్తా మూతి విప్పి నెలలై, పొడిలో బలం పోయి ఉంటుంది.

క్లోరిన్‌చుక్క:
అంతా బానే ఉంది, ఆ 70 గ్రాములు వేసేదెవరు? మనిషిని పెట్టకపోతే ఆర్నెల్లకే పాత కథ. క్లోరిన్ ఫ్లోరైడును తీయదు కూడా. ఎక్కువగా ఉన్నచోట నీరీ (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ల నల్గొండ పద్ధతి, అంటే పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించేది, ఉందంటారు. నీటి క్షారం పెరిగేకొద్దీ పటిక మోతాదు పెరుగుతుంది, అడుగున దిగే బురదను ఎక్కడ పోయాలన్నది తేలదు. దానికంటే ఆర్వో నయం.

ఒరలబాయి:
ఆర్వో బురద కనపడదు గానీ ఉంది. తోడిన నీళ్లల్లో సగం దాకా వేస్టు పైపులోంచి మోరీల పోతది, ఫ్లోరైడు చాలామటుకు అందుల్నే. అదే నేలల ఇంకుతది. బ్లీచింగు ఖర్చు పెద్దది కాదు, 2021-26కు 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికే కట్టేసిండ్రు. వాటర్‌మన్‌కు రాతపూర్వకంగా అప్పజెప్పాలె.

పూడికతట్ట:
బావి మీద స్లాబు వేసి చేతిపంపు బిగిస్తే బ్లీచింగు అవసరం చాలా తగ్గుతుంది. చేద, తాడు, చేతులు, ఎండుటాకులు నీళ్లకు తగలవు. స్లాబులో తాళం వేసే మూత వదలండి, లేకపోతే మళ్లీ పూడిక తీయడానికి పగలగొట్టాల్సి వస్తుంది. పంపు ఇండియా మార్క్-3 అడగండి. మార్క్-2లో అరిగిన వాషరు మార్చాలంటే పైపులన్నీ పీకాలి, మార్క్-3లో పైపులు కదపకుండా పిస్టను పైకి లాగొచ్చు.

క్లోరిన్‌చుక్క:
స్లాబు, పంపు వేసి, నైట్రేటు రెండు సీజన్లూ 45 లోపు తేలితే నాకు అభ్యంతరం లేదు. గిలకా చేదా అలాగే ఉంచుతామంటే మాత్రం ఒప్పుకోను. ఇంకోటి, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు, తాగునీటికి తప్ప, కొత్త బోరు వేయకూడదు. ఆ బావిని పంచాయతీ రికార్డులో తాగునీటి వనరుగా ఎక్కించారో లేదో ముందు చూడండి. ఎక్కించకపోతే పక్క దొడ్డిలో రేపే బోరు బండి దిగుతుంది, ఊట అటు పోతుంది.