మధ్యయుగంలో క్రైస్తవ సన్యాసులందరూ మఠంలోనే ఉండేవాళ్ళా?

ప్రశ్న: ఒకచోటేమో సన్యాసులు మఠం దాటి బయటికి రారని చదివా, ఇంకోచోట ఊరూరా తిరిగి బోధించారని ఉంది. ఏది కరెక్ట్? ఆడవాళ్ళ సంగతేంటి?

జవాబు 1: రెండూ కరెక్టే అండి, వాళ్ళు వేరు వీళ్ళు వేరు. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే సన్యాసి రాసిన నియమావళి ప్రకారం చేరినవాళ్ళు చనిపోయేదాకా అదే మఠంలో ఉంటామని మాటిచ్చేవాళ్ళు, ప్రార్థన, చదువు, ఒళ్ళొంచి పని, అంతే. తర్వాత మఠాలకి భూములు, డబ్బు బాగా చేరాయి, అది నచ్చనివాళ్ళు 1098లో ఫ్రాన్స్‌లోని సిటోలో మళ్ళీ కఠినంగా మొదలుపెట్టారు, వాళ్ళే సిస్టర్షియన్లు. ఊళ్ళు తిరిగింది మాత్రం 13వ శతాబ్దంలో వచ్చిన ఫ్రాన్సిస్కన్లు, డొమినికన్లు. అప్పటికి పట్టణాలు పెరిగాయి, జనం ఎక్కడుంటే అక్కడికే వెళ్ళి బోధించాలి, భిక్షతో బతకాలి అన్నది వాళ్ళ పద్ధతి.

జవాబు 2: కార్తూసియన్లనే సన్యాసుల శాఖని మర్చిపోకండి, 1084లో బ్రూనో అనే ఆయన మొదలుపెట్టాడు. ఒకే మఠం, కానీ ఎవరి గది వాళ్ళది, ఎక్కువసేపు మౌనమే.

జవాబు 3: ఆడవాళ్ళకి కాన్వెంట్లు, అంటే సన్యాసినుల మఠాలు ఉండేవి, ఇంగ్లండ్‌లో నార్విచ్ జూలియన్ లాంటివాళ్ళు చర్చికి ఆనుకున్న గదిలో జీవితాంతం ఏకాంతంగా ఉండిపోయారు. నాకు మాత్రం బెగీన్‌లంటే, అంటే కాన్వెంట్లో చేరకుండానే భక్తి జీవితం గడిపిన ఆడవాళ్ళంటే, చాలా గౌరవం. ఇప్పటి బెల్జియం వైపు ఎక్కువ, జీవితాంతం ఉంటామన్న ప్రమాణం లేదు, బట్టలు నేసి, రోగులకి సేవ చేసి సొంతంగా బతికేవాళ్ళు, కావాలంటే వెళ్ళి పెళ్ళి కూడా చేసుకోవచ్చు. చర్చి పెద్దలకి ఈ స్వేచ్ఛ మీద అనుమానమే. మార్గరెట్ పోరెట్ అనే బెగీన్‌ని, తను రాసిన పుస్తకాన్ని వెనక్కి తీసుకోనందుకు 1310లో పారిస్‌లో తగలబెట్టేశారు, చదివితే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి. మరి పెళ్ళైనవాళ్ళకి దారే లేదా?

జవాబు 1: ఉంది, ఫ్రాన్సిస్కన్లలో మూడో శాఖ అని, ఇంట్లో ఉంటూనే నియమాలు పాటించేవాళ్ళు.