ఉల్లాస్ తరగతులు: చదువు చెప్పేవాళ్లకి జీతం ఇవ్వాలా, వద్దా?

సముద్రపు_గాలి (చర్చ మొదలుపెట్టినవారు)

మా అమ్మకి 58 ఏళ్లు. పోయిన ఏడాది డ్వాక్రా సంఘంలో అందరితో పాటు ఆమె పేరు కూడా ఉల్లాస్ తరగతులకి రాయించారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది 15 ఏళ్లు దాటి చదువు రానివాళ్ల కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన పథకం. 2027 దాకా ఐదేళ్లకి బడ్జెట్ 1,037.90 కోట్లు, లక్ష్యం 5 కోట్లమంది. భాగించి చూడండి, మనిషికి 208 రూపాయలు కూడా పడదు. అది కూడా ఏడాదికి కాదు, మొత్తానికి.

ఇంత తక్కువలో ఎలా నడుస్తుందంటే, చదువు చెప్పేవాళ్లకి పైసా ఇవ్వరు కాబట్టి. అందరూ వాలంటీర్లే. మా ఊళ్లో ఇంటర్ చదివే ఒక అమ్మాయి చెప్పింది. బాగానే చెప్పింది కూడా. తన పరీక్షలు దగ్గరపడ్డాక రావడం మానేసింది. ఆ పిల్లని ఏమంటాం? ఆ పని కాస్తా సంఘం లెక్కలు చూసే యానిమేటర్ నెత్తిన పడింది. ఆమెకి లోన్ల వాయిదాలు, మీటింగులు, యాప్‌లో ఎంట్రీలతోనే సరిపోతుంది. తరగతి వారానికి ఒకసారి అయింది, తర్వాత అదీ లేదు. పరీక్ష మాత్రం ఠంచనుగా పెట్టారు. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులు. అమ్మ పాసయింది. సర్టిఫికెట్ టీవీ పక్కన పెట్టుకుంది. కొన్నాళ్లకి కరెంటు బిల్లు చేతికిస్తే అంకెలు చదివింది కానీ మాటల దగ్గర ఆగిపోయింది.

జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టకుండా వయోజన విద్య నడుస్తుందా? సేవ అని పేరు పెట్టి ఊరికే పని చేయించుకోవడం కాదా ఇది?

ఉదయగిరి_మాస్టారు

నడుస్తుంది బాబూ. నడిచింది కూడా. జీతం అనేసరికే ఈ పని పాడవుతుందని నా అభిప్రాయం.

1978 అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పుడు బోధకులకి కొద్దిపాటి గౌరవ వేతనం ఇచ్చారు. ఏమైంది? చాలాచోట్ల కేంద్రాలు రిజిస్టర్లలోనే వెలిగాయి. ఆ అనుభవంతోనే 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చాక దారి మార్చారు. కేరళలోని ఎర్నాకుళంలో సుమారు 20 వేలమంది జీతం లేకుండా చెప్పారు, 1990 ఫిబ్రవరికి దేశంలోనే మొదటి సంపూర్ణ అక్షరాస్యతా జిల్లా అయింది. మరుసటి ఏడాది మా నెల్లూరు జిల్లాకి వచ్చింది ఆ ఊపు. నేనూ చెప్పాను. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

రాత్రి భోజనాలయ్యాక ఆడవాళ్లు వచ్చేవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, మొగుడి తాగుడు సంసారాన్ని ఏం చేసిందో చెప్పే కథ. ఆ పాఠం రోజు పలకలు పక్కన పెట్టేసేవాళ్లు. ఒకరి తర్వాత ఒకరు తమ ఇంటి సంగతి చెప్పుకునేవాళ్లు. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్లకే సడలించారు, అది వేరే కథ.

జీతం తీసుకునే ఉద్యోగి ఆ పాఠాన్ని అంత దూరం పోనిస్తాడా? పైనుంచి ఒక్క ఫోన్ వస్తే "అమ్మా, ఆ సంగతులు మనకెందుకు, అక్షరాలు దిద్దండి" అంటాడు.

మాజీ_వీసీఓ

మాస్టారూ, నమస్కారం. మీరు చేసిన పనికి దండం పెడతాను. కానీ కథలో సగం వదిలేశారు. అప్పుడు నెల్లూరులో కలెక్టరు నుంచి మండల ఆఫీసు దాకా నెలల తరబడి అదే పని మీద ఉన్నారు. పాటలు, నాటకాలతో ప్రచారం చేసే కళాజాతాలు తిరిగాయి. పలకలు, వాచకాలు, లాంతర్లకి కిరసనాయిలు ఎక్కడినుంచో వచ్చాయి కదా. జీపులో వచ్చిన ప్రతి ఒక్కరికీ జీతం ఉంది. లేనిది చివరన కూర్చుని చదువు చెప్పిన మీకే.

నేను నల్గొండ వైపు సాక్షర భారత్ అనే కేంద్ర వయోజన విద్యా పథకంలో గ్రామ కోఆర్డినేటర్‌గా (వీసీఓ అంటే అదే) చేశాను. ఆ పథకం 2009 సెప్టెంబర్ 8న మొదలైంది. పంచాయతీకి ఇద్దరం, నెలకి రెండు వేలు. 2018 మార్చి 31తో మూసేశారు. రెండు వేలకి ఎవరూ ధనవంతులు కాలేదు. అయినా దాంతో ఒక పని జరిగింది. సాయంత్రం చదువు కేంద్రం తలుపు తీసే మనిషి ఉండేది. లోపల దినపత్రిక, నాలుగు కుర్చీలు, ఒక క్యారమ్ బోర్డు.

ఎవరు వచ్చేవాళ్లో చెప్పనా? అ ఆలు నేర్చుకుంటామని వచ్చినవాళ్లు తక్కువ. పింఛను దరఖాస్తు నింపిపెట్టమని వచ్చేవాళ్లు. జాబ్‌కార్డులో ఎన్ని రోజులు పడ్డాయో చూడమని వచ్చేవాళ్లు. ఒకామె అయితే కొడుకు దుబాయ్ నుంచి పంపిన డబ్బు ఎంత పడిందో పాస్‌బుక్‌లో చూపించమని ప్రతి నెలా వచ్చేది. కొన్నాళ్లకి ఆ వరుస తనే చూసుకోవడం మొదలుపెట్టింది. ఆమె ఏ తరగతిలోనూ కూర్చోలేదు, నా లెక్కల్లో ఎప్పుడూ కనబడలేదు. నా దృష్టిలో నేను చేసిన వయోజన విద్య అదే.

మూసేశాక కొన్నేళ్లపాటు పల్లెల్లో ఈ పని దాదాపు ఆగిపోయింది. వాలంటీర్లు ముందుకొచ్చి నడపొచ్చు కదా, ఎవరు ఆపారు?

జడ్చర్ల_కోడలు

చెప్పేవాళ్ల జీతం గురించే కొట్లాడుతున్నరు. నేర్చుకునేవాళ్ల కూలి సంగతి ఏంది? నాట్ల టైంలో పొద్దున పోయిన మనిషి చీకటిపడ్డాక వస్తుంది. వచ్చినాక వంట, గిన్నెలు. అప్పుడు "రా అమ్మా, క ఖ గ దిద్దు" అంటే మా అత్తమ్మ నవ్వింది. ఆ గంటకి ఉపాధి హామీ కూలిలో కొంత కట్టియ్యమనండి, అప్పుడు చూస్తం ఎంతమంది వస్తరో.

ఇంకొక మాట. ఆమె ఫోన్ల మైక్ నొక్కి మాట్లాడుతది, పాటలు వెతుక్కుంటది, వీడియో కాల్ చేస్తది. ఇయ్యాల రేపు అక్షరాలు రాకున్నా పని ఆగుతలేదు. అరవై ఏండ్ల మనిషిని బలవంతంగ పరీక్షకు కూసోబెట్టుడు దేనికి?

కౌంటర్_నంబర్_3

బలవంతం వద్దు, ఒప్పుకుంటాను అక్కా. కానీ పని ఆగట్లేదు అనకండి. నేను బ్యాంకులో చేస్తాను. వేలిముద్రతో డబ్బు తీసుకునేవాళ్లు మెషిన్ మీద ఎంత కొట్టారో చూడలేరు, పక్కవాడు చెప్పిన అంకే నమ్ముతారు. వెయ్యి అడిగినవాళ్లకి వెయ్యి చేతికొస్తుంది, ఖాతాలో రెండు వేలు తగ్గుతుంది. బంగారం లోను కాగితం మీద వడ్డీ ఎంతో ఫోన్ మైక్ చెప్పదు. పిన్ నంబరు పక్కింటి పిల్లాడికి చెప్పేవాళ్లని రోజూ చూస్తున్నాను. అన్నీ రాకపోయినా అంకెలు, తన పేరు, "జమ", "ఖర్చు" అన్న రెండు మాటలు వస్తే చాలు, సగం మోసాలు తగ్గుతాయి.

సింగపూర్_సీను

ఇక్కడ పద్ధతి వేరు. టీచర్‌కి కాదు, నేర్చుకునేవాళ్ల ఖాతాలోనే వేస్తారు. స్కిల్స్‌ఫ్యూచర్ అని 25 ఏళ్లు దాటిన ప్రతి పౌరుడికీ 2016 నుంచి 500 డాలర్ల క్రెడిట్. 2024లో 40 దాటినవాళ్లకి మరో 4,000 ఇచ్చారు. ఎవరికి కావలసిన కోర్సు వాళ్లు తీసుకుంటారు. మన దగ్గర కూడా అలా ఇచ్చేస్తే ఈ వాలంటీర్ గొడవే ఉండదు. (పౌరులకి మాత్రమే లెండి, వర్క్ పాస్ మీద ఉన్న నాలాంటివాళ్లం చూసి సంతోషించడమే.)

మాజీ_వీసీఓ

సీనుగారూ, కోర్సు ఎంచుకోవాలంటే ముందు ఆ జాబితా చదవడం రావాలి కదా. పైగా ఏ కోర్సు కావాలో తెలిసినవాళ్లకే అది పనికొస్తుంది. ఐటీలో ఉన్నవాళ్లు ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో రాత్రిళ్లు సొంత డబ్బుతో సర్టిఫికెట్లు కొనుక్కుంటున్నారు. దాన్ని కూడా జీవితకాల విద్య అనే అంటున్నారు. నేర్చుకోకపోతే తప్పు నీదే అనే చోటికి వచ్చేశాం. ఇప్పుడు అదే మాట సముద్రపు గాలి వాళ్ల అమ్మకి కూడా చెప్తారా?

పోలిక కావాలంటే కేరళ చూడండి. 1991లో రాష్ట్రమంతా అక్షరాస్యం అని ప్రకటించి ఊరుకోలేదు. నాలుగు, ఏడు, పది, పన్నెండు తరగతులకి సమానమైన కోర్సులు పెట్టారు. కింద ఊళ్లలో ఈ చదువులు నడిపే ప్రేరక్‌లు ఉన్నారు, వాళ్లకి గౌరవ వేతనం ఉంది. కార్త్యాయని అమ్మ 2018లో 96 ఏళ్లకి పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకుందంటే పట్టుదల ఆమెదే, కాదనను. మరి ఆ పరీక్ష అక్కడ అప్పటిదాకా బతికి ఉండాలి కదా.

ఉదయగిరి_మాస్టారు

వీసీఓగారూ, కేరళలో ఆ కోరిక ముందు నుంచీ ఉంది. అక్కడి జనవిజ్ఞాన సంస్థ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఊరూరా తిరిగి పుట్టించింది. డబ్బుతో కుర్చీలు వస్తాయి, కోరిక రాదు. మన పల్లెల్లో క్యారమ్ బోర్డుకి వచ్చినవాళ్లెందరు, పత్రిక పట్టుకున్నవాళ్లెందరు, మీకే తెలియాలి.

సరే, ఇవ్వాలంటే ఇవ్వండి. ఒక్క షరతు. ఆ డబ్బుని పరీక్ష పాసైనవాళ్ల లెక్కకి ముడిపెట్టొద్దు. ఇప్పుడు 95 శాతం దాటితే సంపూర్ణ అక్షరాస్యత అంటున్నారు, 2024 జూన్‌లో లద్దాఖ్ ప్రకటించుకుంది. ఇక ప్రతి చోటా ఆ అంకె కోసం పరుగే. తలకి ఇంత అని పెట్టారంటే అవ్వల పేరు మీద మనవరాళ్లు వచ్చి పరీక్ష రాస్తారు.

మాజీ_వీసీఓ

ఈ మాటకి నా ఓటు మీకే మాస్టారూ. పత్రిక పట్టుకున్నవాళ్లు మాత్రం మీరనుకున్నదానికన్నా ఎక్కువే.

జడ్చర్ల_కోడలు

కూలి గురించి ఒక్కరు జవాబియ్యలే.

కౌంటర్_నంబర్_3

ఉపాధి హామీ పనిచోటే అరగంట పెట్టమనడం మేలు అక్కా. మనుషులు అక్కడే ఉంటారు, కూలి కట్టేదీ అక్కడే. వ్యవసాయ పనుల రోజుల్లో అసలు వద్దు.

సముద్రపు_గాలి

అందరికీ థాంక్స్. నా మాట మారలేదు, మనిషిని పెట్టాల్సిందే. మాస్టారి షరతు కూడా చేర్చి పెట్టాలి. ఈలోగా ఇంట్లో కొత్త సంగతి: పాస్ సర్టిఫికెట్ చూసుకుని అమ్మ పదో తరగతి రాస్తానంటోంది. బిల్లు పూర్తిగా చదవలేని మనిషి పది ఎలా రాస్తుందో నాకైతే అర్థం కావట్లేదు. దారి ఏమైనా ఉందా?

మాజీ_వీసీఓ

ఉంది తమ్ముడూ. మీ దగ్గర ఏపీ ఓపెన్ స్కూల్, మా దగ్గర తెలంగాణ ఓపెన్ స్కూల్. పదికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు, ముందు చదివిన కాగితం అక్కర్లేదు. ఐదు సబ్జెక్టులు, ఒకేసారి రాయక్కర్లేదు, ఐదేళ్లలో పూర్తి చేసుకోవచ్చు. దగ్గర్లోని హైస్కూల్లో స్టడీ సెంటర్ ఉందేమో హెడ్మాస్టర్‌ని అడుగు, సెలవు రోజుల్లో తరగతులు చెప్తారు.

వెంటనే కట్టించకు. ముందు ఒక ఏడాది ఇంట్లో చదివించు. రోజూ పత్రికలో ఒక్క వార్త, అదీ ఆమెకి పనికొచ్చే వార్త, వానలదో, పింఛన్లదో, ధాన్యం ధరదో. గట్టిగా చదవమను, తప్పులు దిద్దకు. ఫీజు నువ్వే కట్టాలి, ఉల్లాస్ బడ్జెట్‌లో అది లేదు. చదివించే మనిషివి కూడా నువ్వే, జీతం లేకుండా. మాస్టారు సంతోషిస్తారు.