నాన్నగారి గురించి రాయబోతే పొగడ్తలు తప్ప మరేమీ రావడం లేదు

పాతపెట్టె:
మా నాన్నగారు పోయి ఐదు నెలలయింది. ఆయన జీవితం గురించి 40 పేజీల చిన్న పుస్తకం ఇంటివాళ్ల కోసం అచ్చు వేయించుకోవాలని అనుకున్నాం. పెద్దవాడినని రాసే పని నాకు అప్పగించారు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను. కష్టజీవి, కుటుంబమే లోకంగా బతికిన మనిషి, దేన్నయినా తెలుసుకోవాలనే తపన గలవారు అని రాసుకుని చదివితే అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పేరు మార్చి ఏ తండ్రికైనా తగిలించవచ్చు.

ఆయన 34 ఏళ్లు ఒక కర్మాగారంలో లేత్ మీద పనిచేశారు. చదువు పదో తరగతితోనే ఆగింది. ఇంట్లో ఒక పాత స్క్రూ గేజీ ఉండేది. ఒక సెలవురోజున నా తల వెంట్రుక ఒకటి పీకి, దాని దవడల మధ్య బిగించి, 0.07 మిల్లీమీటర్లు అని చూపించారు. అంతటితో ఆగక అమ్మదీ చెల్లెలిదీ కూడా కొలిచి, మూడూ ఒకటి కావని తేలేసరికి, ఎందుకు కావని సాయంత్రం దాకా తనలో తనే మాట్లాడుకున్నారు.

ఆయన పెట్టెలో ఆరు నోటుపుస్తకాలు దొరికాయి. ప్రతి పంక్తిలోనూ తేదీ, సమయం, ఒక నాలుగంకెల సంఖ్య, చివర 45433, 34322 వంటి ఐదంకెలు ఉన్నాయి. జమాఖర్చులనుకుని కూడి చూశాం, కుదరలేదు. పైగా చాలా సమయాలు ఆయన రెండో షిఫ్టులో ఉండే వేళలవి. వీటిని పుస్తకంలోకి ఎక్కించాలా, వదిలేయాలా?

రాత్రిశ్రోత:
దయచేసి వదిలేయకండి. మీ నాన్నగారు షార్ట్‌వేవ్ రేడియో శ్రోత అయి ఉంటారు. ఆ ఐదంకెలను సిన్పో అంటారు. సంకేతం బలం, పక్క స్టేషన్ల అడ్డు, గరగర, ధ్వని ఎగుడుదిగుడులు, చివరిది మొత్తం మీద ఎలా వినిపించిందన్నది. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, 5 అంటే ఏ లోపమూ లేదని. నాలుగంకెల సంఖ్య కిలోహెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీ. సమయాలు గ్రీనిచ్ కాలమానంలో రాయడం మా వాళ్లందరికీ అలవాటు కనుక, వాటిని మీ గడియారానికి మార్చి చూడండి. పగటిపూట అయనోవరణంలోని (రేడియో తరంగాలను వెనక్కి తిప్పే, చాలా ఎత్తున ఉండే గాలి పొరల్లోని) అడుగు పొర ఈ తరంగాలను పీల్చేస్తుంది, చీకటి పడ్డాక అది పలచబడి దూరపు స్టేషన్లు అందుతాయి. అందుకే మేము రాత్రిళ్లు మేలుకునే జనం.

కొత్తవాళ్లు ఉత్సాహం కొద్దీ 55555 వేసేస్తారు. 34322 వేశారంటే, సరిగ్గా వినపడనిదాన్ని వినపడలేదని ఒప్పుకునే మనిషన్నమాట. ఇలాంటి నివేదికలు పంపితే స్టేషన్లు సరిచూసుకుని, మీరు విన్నది మా ప్రసారమేనని ధ్రువీకరించే క్యూఎస్ఎల్ కార్డులు పంపేవి. పెట్టె అడుగున బొమ్మల కార్డులేమైనా ఉన్నాయేమో వెతకండి.

కూతురి మాట:
నేను మా నాన్నగారి గురించి రాసినప్పుడు ఆయన కోపాన్ని మర్యాద కోసం తీసేశాను. అచ్చయ్యాక మా అన్నయ్య చదివి, ఇది ఎవరి గురించి అని అడిగాడు. అప్పటినుంచి నాకు ఆ పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. తెలుసుకోవాలనే తపన ఉన్న మనిషి ఇంట్లో ఉంటే విప్పిన గడియారం నెలల తరబడి బల్ల మీదే ఉంటుంది, దాని చుట్టూ తుడుచుకునేది మరొకరు. రెండో షిఫ్టు చేసింది నాన్నగారే గాని ఆ రాత్రిళ్లు ఇల్లు మోసినవారు ఎవరో మీ అమ్మగారిని అడిగి రాయండి. ఆవిడ మాట లేకపోతే మళ్లీ ఆ మూడు పొగడ్తలే మిగులుతాయి.

కాగితంపురుగు:
పని మాట ఒకటి. నోటుపుస్తకాలకు గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు ఉంటే ముందు మెల్లగా తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ మాత్రం చేయించవద్దు, మళ్లీ విడదీయలేరు. ఆయన గొంతు ఉన్న క్యాసెట్లు దొరికితే పై అంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, పొరపాటున కూడా దాని మీద మరొకటి రికార్డు కాదు.

పాతపెట్టె:
అందరికీ కృతజ్ఞతలు. సమయాలు మార్చి చూశాను. అన్నీ రెండో షిఫ్టు ముగిసి ఆయన ఇంటికి చేరాక రాసినవే. కార్డులు కూడా 23 దొరికాయి, చెల్లెలి చిన్ననాటి గౌన్ల కింద.

1986 పుస్తకంలో ఒకచోట అంకెలు లేకుండా 'పాపకు జ్వరం. కట్టేశాను.' అని ఉంది. దాని కింది పంక్తి 40 నిమిషాల తరవాతిది, అదే స్టేషను, 34322. అమ్మను అడిగాను. చెల్లెలిని ఒళ్లో పడుకోబెట్టుకుని, ఒక చేత్తో నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, చప్పుడు తగ్గించి రేడియోను చెవికి ఆనించుకున్నారట. 'పిల్లకు ఒళ్లు కాలిపోతుంటే ఆ గరగర ఏమిటని నేను తిట్టాను' అని అమ్మ ఇప్పటికీ కోపంగానే చెప్పింది.

మొదటి పేజీ ఆ రాత్రితో మొదలుపెట్టాను, అమ్మ తిట్టుతో సహా.